రన్‌వేకి అడ్డొచ్చిన ఆయ్

1998 వేసవిలో నన్ను డెప్యుటేషన్ మీద కోనసీమకి పంపారు. రాష్ట్ర రవాణా ప్రణాళికలో చిన్న విమానాశ్రయాల మీద ఒక అధ్యాయం రాయాల్సి ఉంది. కోనసీమలో అలాంటిది ఒకటి పెట్టవచ్చా, పెడితే ఎక్కడ, ఎవరికి ఉపయోగం అన్నది మేం తేల్చాలి. అప్పుడు నేను జూనియర్ ప్లానర్ని. నా పై అధికారి సీనియర్ ప్లానర్ ఓబులేసు గారు. ఆయనది అనంతపురం జిల్లా. నేను పుట్టింది గుంటూరైనా, కోనసీమలోని కొత్తపేట కోడల్ని. నన్ను ఈ పనికి ఎంచుకోవడానికి ఆఫీసులో చెప్పిన కారణం కూడా అదే. అత్తగారి ఊరు దగ్గర కాబట్టి లాడ్జి ఖర్చు ఉండదట.

చిన్న విమానాశ్రయం అనగానే అందరూ అద్దాల గోడలూ, సూట్‌కేసులూ ఊహించుకుంటారు. మేం వెతికేది అది కాదు. అర మైలు పొడవున గట్టి నేల, మా భాషలో స్ట్రిప్పు, ఒక షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ సంచి, అంతే. నలుగురైదుగురు పట్టే విమానం దిగి, మళ్ళీ ఎగరగలిగితే చాలు. గోదావరి నీళ్ళ లెక్కలో చెప్పాలంటే పెద్ద విమానాశ్రయం ప్రధాన కాలువ, మాది చివరి పొలానికి నీళ్ళు తీసుకెళ్ళే బోదె. బస్సుతో పోటీ పడడం దాని పని కాదు. ఏరు పొంగి, మనుషుల్నీ బండ్లనీ దాటించే పంటు ఆగిపోయిన రోజున రోగిని కాకినాడ చేర్చడం, వరదలో మందులు దించడం, రొయ్య పిల్లల్ని బతికుండగా చెరువుకి తేవడం, ఇలాంటివి దాని పనులు. అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. యానాం నుంచి జీపుతో సహా పంటెక్కి గోదావరి దాటాల్సిందే.

ఆ పంటు మీదే నాకు మొదటిసారి నవ్వాపుకోవడం కష్టమైంది. ఓబులేసు గారు జీపులోంచి దిగలేదు. తలుపు వేసుకుని, అద్దం ఎత్తుకుని, సీటుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. పంటు మునిగితే జీపులో ఉండడం వల్ల ఏం లాభమో నాకు అర్థం కాలేదు గానీ, పై అధికారిని అడగలేం కదా. నది మధ్యకి వచ్చాక అద్దం కాస్త దించి, "ఏమ్మా, ఇన్ని నీళ్ళు ఎవురికి? మా ఊర్లో ఒక బిందెకి కొట్టుకు సస్తాండారే" అన్నారు. ఎంతో బాధగా, నిజాయితీగా అడిగారు. నేను మొహం అవతలి ఒడ్డు వైపు తిప్పుకున్నాను.

మా పనిలో మొదటి మెట్టు గిరాకీ అంచనా. విమానం వస్తే ఎవరెక్కుతారు, ఎందుకెక్కుతారు అని జనాన్ని అడగడం. అమలాపురం బస్టాండులో, రాజోలు సంతలో, లంక రేవుల్లో నిలబడి అడిగాం. ఓబులేసు గారి ప్రశ్న సూటిగా ఉండేది. "ఈడ విమానం పెడితే ఎక్కుతారా?" జవాబు ఇంకా సూటిగా వచ్చేది.

"ఆయ్."

అరటి గెలల వాళ్ళు ఆయ్ అన్నారు. చేపల గంప దించుకుంటున్న ఆవిడ ఆయ్ అంది. గేదెని తోలుకెళ్తున్న పెద్దాయన కూడా గేదె ఆపి మరీ, "ఆయ్, ఎక్కుతామండి" అని, "ముమ్మిడివరంలో ఆగుద్దాండీ?" అని అడిగాడు. విమానం మధ్యలో ఆగదని ఓబులేసు గారు వివరించారు. ఆయన దానికీ ఆయ్ అన్నాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన మాత్రం, ఇక్కడి నుంచి హైదరాబాదుకి విమానం ఉంటే బస్సులో తెల్లారకట్ల దాకా కూర్చునే బాధ తప్పుతుందని పద్ధతిగా చెప్పాడు. ఓబులేసు గారు ఆయన్నీ గేదె ఆయన్నీ ఒకే గాట కట్టారు. సాయంత్రానికి తేలిందేమిటంటే, కోనసీమలో విమానం ఎక్కనన్నవాళ్ళంటూ లేరు. ఆయన ఆనందం చూడాలి. "మనకు చిన్న స్ట్రిప్పు సాలదేమోమ్మా" అన్నారు.

నాకు అక్కడే కొంచెం అనుమానం వచ్చింది. ఎందుకంటే నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారి నోట ఈ ఆయ్ రోజంతా విన్నాను. మా మామగారు, "ఇవాళ వంకాయ వద్దు, బీరకాయ చెయ్యి" అనేవారు. ఆవిడ "ఆయ్" అని, ఎంతో వినయంగా లోపలికి వెళ్ళి వంకాయే చేసేవారు. ఆయనా మాట్లాడకుండా తినేవారు. ఆ ఇంట్లో ఒక్కనాడూ గొడవ లేదు. ఆ ఒక్క మాటలో మర్యాద ఎంత, ఒప్పుకోలు ఎంత అన్నది తెలుసుకోవడానికి నాకు చాలా కాలమే పట్టింది. ఈ సంగతి ఓబులేసు గారికి చెప్పబోయాను. "నువ్వు కోడలివి గదా, అత్తోరి ఊరి మాట నీకు తప్పుగానే వినపడతాది" అని నవ్వేశారు.

రెండో మెట్టు స్థలం. ఐ.పోలవరం అవతల, సముద్రం వైపు ఉన్న ఒక ఊళ్ళో బంజరు భూమి ఉందని రెవెన్యూ వాళ్ళు చెప్పారు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే ఎగురుతుంది. అక్కడ వానాకాలంలో గాలి నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి వస్తుంది. అందుకని స్ట్రిప్పు కూడా ఆ రెండు మూలల్నీ కలుపుతూ పడుకోవాలి. బంజరు సరిగ్గా ఆ దిశలోనే ఉంది. చిక్కల్లా చుట్టుపక్కల వాటితోనే. నైరుతి కొసన రొయ్యల చెరువులు, ఈశాన్యం కొసన కొబ్బరితోట.

చెరువులు నేలమట్టంగా ఉంటాయి కాబట్టి దిగే విమానానికి అడ్డు కావు. కొబ్బరిచెట్టు అలా కాదు. దిగే దారిలో ఎంత ఎత్తు వస్తువు ఎంత దూరంలో ఉండవచ్చో నియమం ఉంది. మా రకం స్ట్రిప్పుకి ఇరవై అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు. అరవై అడుగుల కొబ్బరిచెట్టు స్ట్రిప్పు కొసకి పన్నెండు వందల అడుగుల అవతల ఉండాలి. ఈ తోట కొసని ఆనుకునే ఉంది. అంటే చెట్లైనా పోవాలి, స్ట్రిప్పైనా చెరువుల్లోకి జరగాలి. రొయ్యల చెరువులు బంగారు గనులని, వాటి జోలికెళ్తే మనల్ని ఊళ్ళోంచి తరిమేస్తారని ఓబులేసు గారు హైదరాబాదులో విని వచ్చారు. కాబట్టి చెట్లే పోవాలని తేల్చారు.

ఆ తోట సత్తెమ్మ గారిది. భర్త మస్కట్‌లో బండి నడుపుతాడు. ఆయన పంపేది అప్పుడప్పుడూ వచ్చేది, తోట ఇచ్చేది ఎప్పుడూ వచ్చేది. ఇంటి తిండీ, ఇద్దరు ఆడపిల్లల చదువూ ఆ కాయల మీదే. ఈ సంగతి నాకు పక్కింటి వాళ్ళు చెప్పారు గానీ ఆవిడ చెప్పలేదు.

బడి వరండాలో ఊరి సభ పెట్టాం. భూసేకరణకి ముందు జనం మాట వినాలన్నది పద్ధతి. ఓబులేసు గారు దిగే దారీ ఎగిరే దారీ అన్నీ నల్లబల్ల మీద గీసి చూపించారు. చెట్లు పోతాయని, నష్టపరిహారం వస్తుందని, ఊరికి పేరొస్తుందని చెప్పారు. "ఎవురికన్నా అభ్యంతరం ఉండాదా? సరేనా?" అని అడిగారు.

వరండా అంతా ఒక్క గొంతుతో "ఆయ్" అంది. ముందు వరసలో చాప మీద కూర్చున్న సత్తెమ్మ గారు కూడా చేతులు జోడించి ఆయ్ అన్నారు. తర్వాత అందరికీ మజ్జిగ ఇచ్చారు. ఓబులేసు గారు నా చెవిలో, "ఇంత మంచి జనాన్ని నా సర్వీసులో సూళ్ళేదు" అన్నారు. సోమవారం పంపాల్సిన నివేదికలో అభ్యంతరాలు అన్న శీర్షిక కింద "లేవు" అని ఆ రాత్రే రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్న తోటలో కొట్టాల్సిన చెట్లకి సున్నంతో చుట్టు గీతలు వేయిస్తున్నాను. ఓబులేసు గారు బంజరు అవతలి కొసన మట్టాలు తీయిస్తున్నారు. సత్తెమ్మ గారు వచ్చారు. కేకలు వేస్తారేమోనని నేను లోపల సిద్ధపడ్డాను. ఆవిడ బోండాలు కొట్టించి, గీతలు వేస్తున్న కూలీలకి తలా ఒకటి ఇప్పించారు. సున్నం వేసిన చెట్టు కాయలే వాళ్ళకి తాగించారు. నాకు మాత్రం చేత్తో ఇస్తూ గొంతు తగ్గించి, "అమ్మాయిగారండీ, ఈ సున్నం వానకి పోద్దాండీ?" అని అడిగారు.

అది తప్ప ఆవిడ ఇంకేమీ అనలేదు, అనరు కూడా. ఎంత పెద్ద మాటని ఎంత చిన్నగా అడిగారో. పోతుందండీ అన్నాను. అది సున్నం గురించి నిజమే. ఆవిడ మొహం కాస్త తేలికపడింది. "మద్దేన్నం బాబుగారూ తవరూ మా ఇంట్లో భోజనానికి రండి" అని చెప్పి వెళ్ళారు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక సున్నం బకెట్టుని కాలితో తన్నాను. కూలీలు బోండాలు పట్టుకుని నన్నే చూశారు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాం. అరిటాకులు వేశారు. ముద్దపప్పు, కొత్తావకాయ, పనసపొట్టు కూర, మామిడికాయ పులుసు, కొబ్బరి పచ్చడి, గారెలు. ఓబులేసు గారు మితంగా తినే మనిషి. రాగిసంకటి ముద్ద ఒకటి, కాస్త ఊరిబిండి పచ్చడి ఉంటే ఆయనకి పండగ. రెండు గారెలు తిని, ఆకు మీదకి కొంచెం వంగి మర్యాదగా "సాలమ్మా" అన్నారు.

సత్తెమ్మ గారు "ఆయ్" అన్నారు. అని ఇంకో గారె వేశారు.

ఆయన అది తిన్నారు. "నిజంగా సాలు."

"ఆయ్." రెండు గారెలు.

"వద్దంటి గదమ్మా."

"ఆయ్, తవరు ఏం తిన్నేరండీ." పనసపొట్టు కూర ఆకు మీదకి కుప్పగా దిగింది. వెనకాలే అన్నం, అన్నం వెనకాల పప్పు. ఓబులేసు గారు ఇటు గారెల్ని, అటు అన్నాన్ని కాపు కాస్తూ ఎడమ చెయ్యి ఆకుకి అడ్డం పెట్టారు. "వద్దు. వద్దంటే వద్దు." సత్తెమ్మ గారు ఎంతో గౌరవంగా ఆయ్ అని, ఆయన వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశారు.

నేను నవ్వు ఆపుకోలేక పులుసు మింగుడుపడక దగ్గాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓబులేసు గారు కదల్లేదు. నెయ్యి కారుతున్న చేతిని ఆకు మీద అలాగే పట్టుకుని ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగారు.

"ఏమ్మా. ఈమె ఆయ్ అంటే ఏమి?"

"మీ మాట చెవిన పడింది అని సార్."

"ఒప్పుకున్నట్టు కాదా?"

"మీ ఆకు చూసుకోండి సార్."

ఆయన ఆకు చూసుకున్నారు. అక్కడ ముగ్గురికి సరిపడా భోజనం ఉంది. ఆయన మొహంలో బస్టాండూ, సంతా, గేదె ఆయనా, వరండా సభా ఒకదాని వెనక ఒకటి కదలడం నాకు కనిపించింది. పాపం, కోనసీమంతా విమానం ఎక్కించిన మనిషి ఆయన. ఒక్కొక్కళ్ళనీ కిందికి దించుకోవాల్సి వచ్చింది.

ఎడమ చెయ్యి పక్కకి తీసి, సత్తెమ్మ గారిని నేరుగా అడిగారు. "అమ్మా, నీ తోటలో సెట్లు కొట్టేయాలని నిన్న చెప్తి. నువ్వు ఆయ్ అంటివి. ఇస్తానని అంటివా?"

సత్తెమ్మ గారు గరిటె పట్టుకుని నిలబడ్డారు. "తవరు చెప్పేరు, మేం ఇన్నామండి" అన్నారు. గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "పెద్దమనిషి అంత దూరం నించి వచ్చి చెప్తంటే మొహం మీద కాదంటామాండీ" అన్నారు. ఆవిడ కాదనడం అంటే అదే. అంతకన్నా గట్టిగా కాదనడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదని నాకు తెలుసు.

ఓబులేసు గారు మంచి ఇంజనీరు. ఆయన కొలిచిన బద్ద వంకరదని తెలిస్తే ఆ బద్దతో ఇంకో కొలత తీయరు. "మరి ఎట్ల అడగల్ల?" అని నన్ను అడిగారు. ఆయ్ అని జవాబు చెప్పడానికి వీల్లేకుండా అడగండి సార్ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, గారె నములుతూ ఆలోచించారు. ఆ గారె ఆయన తనంతట తను తీసుకున్నదే.

"అమ్మా, ఈ ఊర్లో మీకు ఎందుకూ పనికిరాని భూమి ఏది?"

సత్తెమ్మ గారు గరిటె కింద పెట్టారు. మేం ఇంట్లోకి అడుగుపెట్టాక ఆవిడ చెయ్యి ఖాళీగా ఉండడం అదే మొదలు.

"అదాండీ. అడిగితే కదండీ చెప్పేది. ఆ రొయ్యల చెరువులున్నాయి చూడండి, అయ్యండి."

బంగారు గనులు కదమ్మా అన్నారు ఓబులేసు గారు. ఏం బంగారమండీ అని ఆవిడ మొదలుపెట్టారు. తెగులొచ్చి రొయ్య చచ్చిపోయిందట. మళ్ళీ వేస్తే మళ్ళీ పోయిందట. నేల ఉప్పెక్కిపోయి వరి కూడా రాదట. తనకీ ఒక చెరువుందట. దాన్ని చూస్తే ఒళ్ళు మంటట. ఎవరన్నా తీసుకుంటే పీడా వదిలిపోద్దట. ఆవిడ అంత మాట్లాడతారని నేను అనుకోలేదు. మాటలు గోడ అవతలికి వినపడి పక్కింటాయన వచ్చారు. "బాబుగారండీ, మా చెరువు ఇంకా పెద్దదండీ, అదీ రాసుకోండి" అన్నారు. ఆయన వెనకాల ఇంకొకరు, వాళ్ళ వెనకాల బావమరిది. మాది ముందు అంటే మాది ముందని పెరట్లో చెరువుల వాళ్ళు ఎగబడ్డారు. ఒకాయన తన చెరువు వదిలేసి స్ట్రిప్పు వేస్తే ఊరుకోనని ఓబులేసు గారిని బెదిరించాడు. నిన్న వరండాలో ఒక్క మాట మాట్లాడిన ఊరు, ఇవాళ ఎంత ఆపినా ఆగలేదు. పెరుగన్నం తినడానికి కూడా మాకు వీలు చిక్కలేదు. అందుకు ఓబులేసు గారు ఎంతో సంతోషించారు.

ఆ సాయంత్రమే చెరువుల గట్ల మీద తిరిగాం. స్ట్రిప్పుని అదే గీత మీద నైరుతికి జరిపితే, తోట, విమానం దిగే దారికి తగలకుండా క్షేమంగా కిందే ఉండిపోతుంది. సముద్రం వైపు ఏ అడ్డూ లేదు. నేల మెత్తన, మట్టి పోసి గట్టిపరచాలి, ఖర్చు పెరుగుతుంది. అయినా పని జరుగుతుంది. మట్టాలన్నీ మళ్ళీ మొదటినుంచీ తీయాలి, అంటే కాకినాడలో బస చేసిన ఓబులేసు గారు ఇంకా చాలాసార్లు పంటెక్కాలి. అది చెప్తే ఆయన మొహం పాలిపోయింది గానీ, కాదనలేదు. మూడోసారికి జీపు దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. అయిదోసారికి పంటు నడిపేవాడికి సలహాలు చెప్పడం మొదలుపెట్టారు.

నివేదికలో "లేవు" అన్న మాట కొట్టేశారు. ఈ ఊరికి కొత్త గీతా, చెరువుల వాళ్ళ మాటలూ రాశారు. మేం ముందు తిరిగిన మిగతా ఊళ్ళకి ఎదురుగా, "అడిగాం గానీ సరిగ్గా అడగలేదు, మళ్ళీ అడగాలి" అని రాశారు. హెడ్డాఫీసు వాళ్ళు ఇదేం రాత అని వెనక్కి పంపారు. ఓబులేసు గారు అక్షరం మార్చకుండా తిప్పి పంపారు. చివరికి హెడ్డాఫీసు వాళ్ళే ఇరవై రోజులు అదనంగా ఇచ్చారు. మళ్ళీ అడిగితే విమానం ఎక్కేవాళ్ళు బాగా తగ్గారు. ఎక్కేవాళ్ళెవరో, ఎందుకో మాత్రం తెలిసింది. గల్ఫ్ ప్రయాణాల వాళ్ళు, ఆసుపత్రికి పరుగెత్తాల్సినవాళ్ళు. చిన్న విమానాశ్రయం ఎంతుండాలో దాన్నిబట్టే తేలింది. గేదె ఆయన ముమ్మిడివరానికి బస్సే నయమన్నాడు.

తర్వాత కొన్నేళ్ళకి వంతెనలు వచ్చాయి. నదులు దాటే ఇబ్బంది తగ్గడంతో స్ట్రిప్పు వరసలో వెనక్కి వెళ్ళింది. ప్రణాళికలో అది మామూలే, నాకు చింత లేదు. రెండువేల దశకంలో ఒక వరదప్పుడు, అప్పటికే కొంత మట్టి పోసి ఉన్న ఆ చెరువుల మెరకని హెలికాప్టరు దింపడానికి వాడారని విన్నాను. సత్తెమ్మ గారి చిన్నమ్మాయి నర్సు చదువు పూర్తిచేసి అమలాపురంలోనే ఉద్యోగంలో చేరింది. తోట కాయలతోనే చదివించామని ఆవిడ ఒకసారి నాకు ఫోనులో గట్టిగా, గర్వంగా చెప్పారు.

ఆ తర్వాత నా సర్వీసంతా బస్టాండులకీ, బైపాస్ రోడ్లకీ, రేవులకీ జనాన్ని అడగడంలోనే గడిచింది. నా కింద పనిచేసిన వాళ్ళు "అందరూ ఒప్పుకున్నారు మేడమ్" అని కాగితం తెచ్చినప్పుడల్లా సంతకం పెట్టే ముందు, మీరు అడిగిన ప్రశ్న చెప్పండి అనేదాన్ని. అవుననడానికి తప్ప కాదనడానికి అందులో చోటు లేకపోతే వాళ్ళని వెనక్కి పంపేదాన్ని. జనం ఒప్పుకున్నారని రాయాలంటే, వాళ్ళు మర్యాద చెడకుండా కాదనగలిగే దారి ముందు మనం వాళ్ళకి ఇచ్చి ఉండాలి.